పొదను తొలిచే తూటా ఉందా?

నవంబరు నెలాఖరు. అమెరికాలో పెన్సిల్వేనియా కొండల మీద చెట్ల ఆకులన్నీ రాలిపోయినా మౌంటెన్ లారెల్ పొదలు మాత్రం పచ్చగానే ఉంటాయి. ఆ రాష్ట్ర పుష్పం ఈ పొదదే. వంకర కొమ్మలతో మనిషెత్తున పెరిగి, ఒకదానిలోకి ఒకటి అల్లుకుని కొండవాలును కమ్మేస్తుంది. థాంక్స్‌గివింగ్ పండగ వెళ్లగానే అక్కడ తుపాకులతో జింకల వేట మొదలవుతుంది. మోత వినపడగానే జింకలు దూరేది ఈ పొదల్లోకే.

యాభై మీటర్ల దూరంలో, కొమ్మల సందున తెల్లతోక జింక భుజం కనిపిస్తుంది. వేటగాడు నిదానంగా గురి చూసి పేలుస్తాడు. జింక ఒక్క దూకుతో మాయమవుతుంది. వెళ్లి చూస్తే నేల మీద నెత్తురు చుక్క లేదు, తెగిన వెంట్రుక లేదు. వచ్చిన దారినే వెతుక్కుంటూ వెనక్కి నడిస్తే మధ్యలో చిటికెన వేలంత కొమ్మ ఒకటి చీలి వేలాడుతూ కనిపిస్తుంది. చీలిక తెల్లగా, ఇంకా తడిగా ఉంటుంది. ఒక పక్క బూడిద రంగు సీసపు మరక.

సెకనుకు అర కిలోమీటరుకు పైగా దూసుకెళ్లే తూటాను చిటికెన వేలంత పుల్ల దారి తప్పించగలదా? తప్పించగలిగితే, దానికి లొంగని తుపాకీ ఏదైనా ఉందా? ఈ రెండో ప్రశ్న మీద అమెరికా వేటగాళ్లు తరతరాలుగా వాదించుకుంటున్నారు. ఒక రకం తుపాకులకు 'బ్రష్ గన్', అంటే పొదల తుపాకీ అనే పేరే స్థిరపడింది. మొద్దు ముక్కున్న బరువైన తూటా నెమ్మదిగా వెళ్తూ కొమ్మలను నెట్టుకుపోతుందట. తేలికపాటి వేగం తూటా ఆకు తగిలినా పక్కకు పోతుందట. ఈ నమ్మకంలో నిజం పాలు చాలా తక్కువ. ఎందుకు తక్కువో అర్థమైతే, పొదల్లో వేటకు తుపాకీని దేన్ని చూసి ఎంచుకోవాలో కూడా తెలుస్తుంది.

నమ్మకం పుట్టిన చోటు

జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన వించెస్టర్ తుపాకీ 1894లో వచ్చింది. మరుసటి ఏడాది దానికోసం థర్టీ-థర్టీ తూటా వచ్చింది. ట్రిగ్గర్ కింద ఉన్న లీవరును కిందికి నెట్టి పైకి లాగితే చాలు, ఖాళీ తొడుగు బయట పడి కొత్త తూటా లోపలికి ఎక్కుతుంది. కార్బైన్ రకానికి గొట్టం పొడవు 20 అంగుళాలే. మొత్తం బరువు మూడు కిలోలు. ఆ తుపాకీ 70 లక్షలకు పైగా తయారైంది. 1948లో వచ్చిన మార్లిన్ 336 కూడా ఇదే కోవది. ఈశాన్య అమెరికా అడవుల్లో ఈ తుపాకుల్లో ఏదో ఒకటి చేతులు మారుతూ తాత నుంచి మనవడి దాకా వచ్చిన ఇళ్లు లెక్కలేనన్ని.

ఈ తుపాకుల్లో తూటాలు గొట్టం కిందనున్న సన్నటి గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయి. వెనక తూటా మొన ముందు తూటా అడుగును ఆనుకుంటుంది. మందును అంటించే చిన్న బిళ్ల, ప్రైమర్, ఉండేది సరిగ్గా అక్కడే. మొన సూదిగా ఉంటే, కుదుపుకు అది ప్రైమర్‌ను పొడిచి తూటా లోపలే పేలిపోవచ్చు. అందుకే ఈ తూటాల ముక్కును చదునుగా చేశారు. పొదలను చీల్చడానికి చేసిందని తర్వాతివాళ్లు చెప్పుకున్న మొద్దు ముక్కుకు అసలు కారణం భద్రత. పొదకూ దానికీ సంబంధం లేదు.

మరి ఆ తుపాకులతో పొదల్లో అన్ని జింకలు ఎలా పడ్డాయి? దట్టమైన అడవిలో జింక కనిపించేదే ముప్పై, నలభై మీటర్లలో. అంత దగ్గర్లో తూటాకు అడ్డుపడే కొమ్మలూ తక్కువే. అడ్డుపడినా తరచు అవి జింక నిలబడిన పొదలోవే, దాని ఒంటిని ఆనుకుని ఉన్నవే. తూటా వాటిని తాకి పక్కకు తిరిగినా, ఎక్కువ దూరం జరిగేలోపే జింకను చేరింది. వేటగాడు విరిగిన కొమ్మను చూశాడు, పడిన జింకను చూశాడు, మెచ్చుకోలు తుపాకీకి దక్కింది. గురి తప్పిన రోజున మాత్రం తప్పు తన చేతిదనుకున్నాడు. ఆ రోజు దారి మధ్యలో కొమ్మ కోసం వెతికినవాళ్లు తక్కువ.

బొంగరం చెప్పే సంగతి

తూటా గాలిలో తిన్నగా ఎందుకు వెళ్తుందో ముందు చూద్దాం. పొడవైన తూటాకు బరువు వెనక భాగంలో ఎక్కువ. ఎదురుగాలి ఒత్తిడి పనిచేసేది దానికి ముందు, మొన వైపు. కాబట్టి తూటాను దాని మానాన వదిలేస్తే గాలి దాని మొనను ఎత్తి వెనక్కి తిప్పేస్తుంది, తూటా పిల్లిమొగ్గలు వేస్తుంది. అలా జరగకుండా తుపాకీ గొట్టం లోపల మెలితిరిగిన గాడులు చెక్కుతారు. వాటి వెంబడి జారుతూ తూటా తన చుట్టూ తాను తిరగడం మొదలుపెడుతుంది. థర్టీ-థర్టీ తుపాకీ గాడులు సాధారణంగా 12 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. తూటా సెకనుకు సుమారు 670 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. అంటే సెకనుకు దాదాపు 2,200 చుట్లు.

తాడు చుట్టి విసిరిన బొంగరం మేకు మొన మీద నిలబడేది కూడా ఈ తిరుగుడు వల్లే. తిరుగుతున్నంతసేపు దాన్ని భూమి పడగొట్టలేదు. పక్క నుంచి వేలితో తడితే తల గుండ్రంగా ఊగుతుంది. తట్టింది మెల్లగానైతే కాసేపటికి ఆ ఊగులాట సర్దుకుని మళ్లీ నిటారుగా నిలబడుతుంది. గట్టిగానైతే ఊగులాట పెరిగి నేలకు ఒరిగి పొర్లిపోతుంది. ఎంతవరకు మెల్లగా, ఎక్కడ నుంచి గట్టిగా అన్నది బొంగరం వేగం మీద, తట్టిన చోటు మీద ఆధారపడుతుంది. తూటా సంగతీ అంతే. గాలి దాన్ని తట్టే తట్టుకు సరిపోయేలా తుపాకీ తయారుచేసినవాళ్లు గాడులు లెక్కగట్టి చెక్కారు. ఆ లెక్క గాలికే. పచ్చి కర్ర గాలికంటే ఏడెనిమిది వందల రెట్లు చిక్కనిది. అంత చిక్కటి పదార్థంలోనూ తూటాను నిలబెట్టాలంటే ఏ వేట తుపాకీ ఇవ్వలేనంత తిరుగుడు కావాలి.

పుల్ల తగిలిన క్షణం

తూటా తిరుగుతూ కర్రను తొలుచుకుంటూ పోతుందని కొందరు అనుకుంటారు. లెక్క చూడండి. తూటా పొడవు రెండున్నర సెంటీమీటర్లు, పుల్ల మందం ఒక సెంటీమీటరు. మొన పుల్లను తాకినప్పటి నుంచి తోక అవతలికి వెళ్లేదాకా తూటా నడిచేది మూడున్నర సెంటీమీటర్లు. 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే తూటా ఆ కాస్త దూరంలో ఒక చుట్టులో ఎనిమిదో వంతు కూడా పూర్తిగా తిరగదు. పట్టే సమయం సెకనులో ఇరవై వేలవ వంతు. తొలవడానికి అక్కడ సమయమే లేదు. తూటా పుల్లను గుద్దుతుంది, అంతే.

ఆ గుద్దు నడిమధ్యన తగలడం అరుదు. ఎనిమిది మిల్లీమీటర్ల తూటా పది మిల్లీమీటర్ల కొమ్మను సరిగ్గా మధ్యలో తాకాలంటే అదృష్టం ఉండాలి. దాదాపు ప్రతిసారీ మొనకు ఒక పక్కే దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బకు మూడు పనులు జరుగుతాయి. తూటా దిశ కొద్దిగా మారుతుంది. మొన ఒక పక్కకు వంగి ఊగులాట మొదలవుతుంది. వేట తూటా ముక్కు జంతువు ఒంట్లో విచ్చుకోవడానికి మెత్తటి సీసంతో చేసింది కాబట్టి కర్రకే నలిగి వంకరపోతుంది. మొదటిదాని కంటే మిగతా రెండూ ఎక్కువ చేటు. ఏటవాలుగా తిరిగిన తూటా తన పక్క భాగాన్ని గాలికి అప్పగిస్తుంది. గాలి దాన్ని ఆపుతుంది, పక్కకు నెడుతుంది. వంకరపోయిన ముక్కు ఆ నెట్టుడును ఇంకా పెంచుతుంది. అంటే పుల్ల వల్ల వచ్చిన తప్పు పుల్ల దగ్గర ముగిసిపోదు, అవతల గాలిలోనూ పెరుగుతూనే ఉంటుంది.

అమెరికా వేట పత్రికలు దీన్ని చాలాసార్లు పరీక్షించి చూశాయి. గుండ్రటి కర్రలను వరుసలుగా నాటి, వెనకాల కాగితపు లక్ష్యం పెట్టి రకరకాల తుపాకులతో కాల్చడం వాళ్ల పద్ధతి. కాగితం మీద పడిన రంధ్రాలను చూస్తే అసలు కథ తెలుస్తుంది. తిన్నగా వచ్చిన తూటా గుండ్రటి రంధ్రం చేస్తుంది. కర్రను తాకి వచ్చినవి చాలావరకు తూటా పొడవునా చీలిన పొడుగాటి రంధ్రాలు. తూటా అడ్డంగా తిరిగి వచ్చిందన్నమాట. చిన్న తూటా, పెద్ద తూటా, వేగం తూటా, నెమ్మది తూటా, అన్ని రకాల్లోనూ అలాంటివి కనిపించాయి. కొమ్మల గుండా నమ్మకంగా కాల్చగల తుపాకీ మాత్రం తేలలేదు.

> ఒక్క డిగ్రీ ఎంత దూరం తీసుకెళ్తుంది?
>
> తూటా దారి ఒక్క డిగ్రీ మారిందనుకుందాం. కంటికి ఆనని తేడా అది. అయినా ముందుకు సాగే ప్రతి మీటరుకు 1.75 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది.
>
> పుల్ల జింకకు 2 మీటర్ల ముందుంటే తప్పు 3.5 సెంటీమీటర్లు. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు 20 నుంచి 25 సెంటీమీటర్ల వెడల్పు కాబట్టి దెబ్బ తగిలినట్టే.
>
> 7 మీటర్ల ముందుంటే తప్పు 12 సెంటీమీటర్లు. ఆ చోటు అంచుకు చేరిపోయింది.
>
> 40 మీటర్ల ముందుంటే, అంటే వేటగాడికి దగ్గర్లో ఉంటే, తప్పు 70 సెంటీమీటర్లు. జింకకే తగలదు, లేదా ఎక్కడ తగలకూడదో అక్కడ తగులుతుంది.
>
> మార్పు ఐదు డిగ్రీలైతే రెండు మీటర్ల దూరమే గురి చెడగొట్టడానికి చాలు.

నా దృష్టిలో ఈ వ్యవహారం మొత్తానికి కీలకం ఈ లెక్కే. తుపాకీ ఏదన్నది రెండో సంగతి. పుల్ల ఎక్కడుందన్నదే మొదటిది. కొనేటప్పుడు దుకాణంలో తేల్చుకోగల విషయం కాదిది, ప్రతి గురికీ అడవిలో కళ్లతో తేల్చుకోవాల్సిందే.

బరువు అసలు సాయం చేయదా?

కొంత చేస్తుంది. బరువునూ వేగాన్నీ కలిపి చూస్తే తూటాకు ఎంత ఊపు ఉందో తెలుస్తుంది. ఊపు ఎక్కువైతే అదే దెబ్బకు దిశ తక్కువ మారుతుంది. పొట్టిగా లావుగా ఉన్న తూటా, సన్నగా పొడుగ్గా ఉన్నదానికంటే మొండిగా నిలబడుతుంది కూడా. అమెరికా సైన్యం 1873లో తీసుకున్న ఫార్టీఫైవ్-సెవెంటీ తూటా బరువు 26 గ్రాములు, వేగం సెకనుకు 400 మీటర్ల చిల్లర. పన్నెండో నంబరు షాట్‌గన్‌లో వేసే స్లగ్, అంటే ఒంటి గుండు, 28 గ్రాములు. సగటున ఇవి కాస్త తక్కువ పక్కకు పోతాయి. ఆ 'కాస్త' ఎంతంటే, వాటి ఊపు మామూలు రైఫిల్ తూటాలకంటే ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో ఎక్కువ. కొమ్మ మందం, పచ్చిదనం, తగిలిన కోణం మాత్రం ఒక గురికీ మరో గురికీ పది రెట్లు మారిపోతాయి. రెండు రెట్ల లాభం ఆ తేడాల్లో కొట్టుకుపోతుంది.

ఇంకో విశేషం. పొదల తుపాకీగా పేరుపడ్డ థర్టీ-థర్టీ తూటా 11 గ్రాములు, సెకనుకు 670 మీటర్లు. మైదానాల తుపాకీగా పేరుపడ్డ .270 వించెస్టర్, 1925లో వచ్చింది, 8.4 గ్రాములు, సెకనుకు 930 మీటర్లు. రెండింటి ఊపూ లెక్కగడితే .270 ఊపే కొంచెం ఎక్కువ! పేరు నమ్మి కొన్నవాళ్లకు దక్కింది పొట్టి తుపాకీయే తప్ప కొమ్మను చీల్చే శక్తి కాదు.

బక్‌షాట్ గురించీ ఒక మాట. అమెరికా దక్షిణాది చిత్తడి అడవుల్లో కుక్కలతో తోలి వేటాడేచోట ఒకే తొడుగులో తొమ్మిది గుండ్లుండే షాట్‌గన్ వాడతారు. ఒక్కో గుండు మూడున్నర గ్రాములే. ఏది ఏ కొమ్మకు తగిలి ఎటు పోతుందో చెప్పలేం. ముప్పై మీటర్లు దాటాక పరచుకుపోయి, ఒకటో రెండో గుండ్లు తగిలిన జింక ఎక్కడికో వెళ్లి చస్తుంది. పొదల్లో దూరపు గురికి ఇది పనికిరాదు.

మరి దేన్ని చూసి ఎంచుకోవాలి

కొమ్మను చీల్చే గుణాన్ని పక్కన పెట్టేస్తే, పొదల తుపాకీలో వెతకాల్సినవి వేరే తేలతాయి.

మొదటిది పొడవు. పొదల్లో నడిచేవాడికి గొట్టం మొన ప్రతి కొమ్మకూ తగులుకుంటుంది. 24 అంగుళాల గొట్టానికీ 18 అంగుళాల గొట్టానికీ తేడా జానెడు లేదు గానీ, లారెల్ పొదలో చటుక్కున తుపాకీ ఎత్తి భుజానికి ఆనించాల్సి వచ్చినప్పుడు అదే చాలా పెద్ద తేడా. చలికోటు వేసుకుని ఎత్తి చూడాలి. తుపాకీ మడమ చంకలో చిక్కుకుంటే అది మీ తుపాకీ కాదు. వించెస్టర్, మార్లిన్ నిజంగా పొదల తుపాకులే, కారణం తూటా కాదు, ఈ పొట్టితనం, తేలిక.

రెండోది చూపు. తుపాకీ మీద బిగించే స్కోప్ తొమ్మిది రెట్లు పెద్దది చేసి చూపిస్తే వంద మీటర్ల దూరంలో నాలుగు మీటర్ల మేర కనిపిస్తుంది. ఇరవై మీటర్లలో జింక లేస్తే ఆ స్కోప్‌లో కనిపించేది గోధుమరంగు వెంట్రుకలే, అది భుజమో తొడో తేలదు. ఒకటి నుంచి నాలుగు రెట్ల స్కోప్‌ను తక్కువలో ఉంచుకుంటే అదే దూరంలో జింక మొత్తం, దాని చుట్టూ పొద, పక్కన ఉన్న రెండో జింక కూడా కనిపిస్తాయి. పొదల్లో కావాల్సింది ఇదే.

స్కోప్ వల్ల వచ్చే రెండు తిప్పలను ఇక్కడ చెప్పాలి. దూరానికి సర్దిన స్కోప్‌లో దగ్గరి పుల్లలు మసకబారి కనిపించకుండా పోతాయి. జింక తేటగా కనిపిస్తుంటే దారి ఖాళీగా ఉందనుకుంటాం. ఐదు మీటర్ల దూరంలోని పుల్ల తూటాకు ఎదురుగానే ఉంటుంది. పైగా స్కోప్ గొట్టానికి సుమారు నాలుగు సెంటీమీటర్ల పైన ఉంటుంది. చూపు పడిపోయిన దుంగను దాటి వెళ్తుంది, తూటా మాత్రం ఆ దుంగ బెరడులోకే వెళ్తుంది. ఈ రెంటికీ మందు ఒకటే. కాల్చే ముందు స్కోప్ నుంచి కన్ను తీసి, తుపాకీ మొన నుంచి జింక దాకా మామూలు చూపుతో ఒకసారి దారి చూసుకోవాలి.

మూడోది తూటా చేసే రంధ్రం. గుండెకు తగిలిన జింక కూడా కొన్ని పదుల మీటర్లు, ఒక్కోసారి వంద మీటర్లు పరుగెత్తుతుంది. మైదానంలో అయితే పడేది కనిపిస్తుంది. పొదలో అయిదో అడుగుకే కనుమరుగవుతుంది. అప్పుడు దాని దగ్గరికి చేర్చేది నెత్తుటి జాడ ఒక్కటే. తూటా లోపలే ఆగిపోతే పైన ఒక రంధ్రం, అదీ కొవ్వుతో పూడుకుంటుంది. అవతలికి దూసుకుపోతే రెండు రంధ్రాలు, ఆకుల మీద రెండు పక్కలా చుక్కలు. బరువైన, ఒక మోస్తరు వేగం తూటాలు జింక ఒంటిని దాటి బయటపడటంలో నమ్మదగినవి. తేలికపాటి వేగం తూటా ఇరవై మీటర్లలో కొడితే మొదటి ఎముక దగ్గరే ముక్కలై, మాంసం నిండా సీసపు తునకలు చల్లే ప్రమాదం ఉంది. పాతకాలపు వేటగాళ్లు బరువైన తూటాను మెచ్చుకోవడం సరైనదే. వాళ్లు చెప్పిన కారణమే తప్పు. కొమ్మను దాటడంలో కాదు, జింకను దాటడంలో ఉంది దాని గొప్ప.

ఈ మూడూ కుదిరితే థర్టీ-థర్టీ అయినా, 1906 నాటి .35 రెమింగ్టన్ అయినా, 1952 నాటి .308 వించెస్టర్ పొట్టి రైఫిల్ అయినా సరిపోతుంది. వాటి మధ్య తేడా మీద రాత్రంతా వాదించుకోవడం కంటే, ఉన్నదానితో నిలబడి, మోకాలి మీద కూర్చుని యాభై మీటర్ల గురి సాధన చేయడం జింకకూ మేలు, వేటగాడికీ మేలు.

పొద అవతల ఎవరున్నారు

దిశ మారిన తూటా ఆగిపోదు, ఎటో వెళ్తుంది. పొద వెనక ఏముందో కనిపించని చోట ఇది మనుషుల ప్రాణాలకు సంబంధించిన సంగతి. జనం ఎక్కువ, నేల చదును అయిన ఒహాయో, ఇల్లినాయ్ వంటి రాష్ట్రాలు జింకల వేటకు దూరం పోయే రైఫిళ్లను చాలాకాలం ఒప్పుకోలేదు, షాట్‌గన్ స్లగ్‌లే వాడమన్నాయి. 2014లో ఒహాయో తిన్నటి తొడుగున్న రైఫిల్ తూటాలకు అనుమతిచ్చింది. వాటి దూరం తక్కువ. అలాంటి రాష్ట్రాల కోసమే 2019లో .350 లెజెండ్ తూటా వచ్చింది. షాట్‌గన్ అయితే ప్రమాదం లేదనుకోవడమూ పొరపాటే. 2007లో పెన్సిల్వేనియా శాసనసభ కమిటీ కోసం జరిగిన అధ్యయనం నేలకు తగిలి ఎగిరిన గుండ్లను కూడా లెక్కలోకి తీసుకుంది. కొన్ని పరిస్థితుల్లో షాట్‌గన్ స్లగ్ ప్రమాదం రైఫిల్ కంటే ఎక్కువని తేల్చింది.

తుపాకీతో పాటు కొనాల్సిన వస్తువు నారింజరంగు చొక్కా. పెన్సిల్వేనియాలో తుపాకులతో జింకల వేట సాగే రోజుల్లో తల, ఛాతీ, వీపు మీద కలిపి 250 చదరపు అంగుళాల మేర మెరిసే నారింజరంగు ఉండాలి. జింక దాన్ని చూసి పారిపోదా అని కొత్తవాళ్లు అడుగుతారు. మన కంటిలో రంగులు గుర్తుపట్టే కణాలు మూడు రకాలు, జింకకు రెండే. నారింజ, ఎరుపు దానికి వేరే రంగులుగా తోచవు. మనిషికి పొదల్లో నిప్పులా కనిపించే చొక్కా జింకకు అడవి రంగుల్లో కలిసిపోతుంది.

మనవాళ్లకు

తెలుగు రాష్ట్రాల్లో ఈ విద్యకు చోటు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మన అడవుల్లో జింకల వేటను నిషేధించింది. తెలంగాణ రాష్ట్ర జంతువు మచ్చల జింక, ఆంధ్రప్రదేశ్‌ది కృష్ణజింక. తుపాకీ లైసెన్సు చేతిలో ఉన్నా వాటిని కాల్చే హక్కు రాదు.

అమెరికాలో స్థిరపడి, ఇరుగుపొరుగు వేటగాళ్లను చూసి ముచ్చటపడే తెలుగువాళ్లు మాత్రం తుపాకీ దుకాణానికి వెళ్లే ముందు రెండు పనులు చేయాలి. మొదటిది, మీ రాష్ట్రం నడిపే వేట శిక్షణ తరగతి పూర్తిచేయండి. పెన్సిల్వేనియాతో సహా చాలా రాష్ట్రాల్లో తొలిసారి లైసెన్సు తీసుకునేవారికి ఇది తప్పనిసరి. రెండోది, మీ వీసా చూసుకోండి. హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం కింద సాధారణంగా నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు అందుకు ఉన్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి. ఆ లైసెన్సు గడువు తీరిన మర్నాటి నుంచి మినహాయింపు కూడా ఉండదు. కాబట్టి ముందు న్యాయవాదిని అడగండి, ఆ తర్వాతే దుకాణదారుణ్ణి.